ఎవరి ఆకు, ఎవరి పురుగు

పై అంతస్తులో ఉండే అక్క ఒక పొద్దున ఫోన్ చేసింది. "సైకస్ కొత్త మట్టలన్నీ మాడిపోయాయి, మొన్నటిదాకా బానే ఉన్నాయి, ఒకసారి వచ్చి చూడవూ" అంది. గొంతులో నిజంగానే దిగులు ఉంది. సైకస్ పెంచినవాళ్ళకి ఆ దిగులు తెలుసు. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండే మొక్క, ఏడాదికి ఒకసారో రెండుసార్లో మొవ్వు విచ్చుకుని, కొత్త మట్టల గుత్తంతా ఒకేసారి పైకి తోస్తుంది. ఆ పది పదిహేను రోజుల కోసమే మిగతా ఏడాదంతా నీళ్ళు పోస్తాం. సరిగ్గా ఆ రోజుల్లో మట్టలు పాడైతే మళ్ళీ చిగురేసేదాకా ఆ ఎండు గీతల్నే చూస్తూ ఉండాలి.

వెళ్ళి లెన్స్ పెట్టి చూస్తే అవి మాడలేదు. ఎవరో తిన్నారు. లేత ఆకులోని పచ్చదనాన్ని గీకి తినేసి పైపొర ఒక్కటి వదిలేస్తే అది ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది, దూరం నుంచి చూస్తే సెగ తగిలినట్టే ఉంటుంది. ఇంకా చుట్ట విప్పని రెమ్మల మధ్య సెంటీమీటరు కూడా లేని పురుగులు ఉన్నాయి, కొన్ని ఆకుపచ్చవి, కొన్ని కాస్త ఎర్రటివి, బల్లపరుపుగా, తల ఎటో తోక ఎటో తెలియకుండా. చాలావాటి వెంట రెండు మూడు చీమలు. అవి పురుగుల్ని కరవడం లేదు, లాక్కుపోవడం లేదు, మీసాలతో వీపు మీద తడుముతూ కూడా కూడా తిరుగుతున్నాయి.

"ఏం మందు కొట్టాలి?" అంది అక్క. "రెండు రోజులు ఆగక్కా, ఇవి ఏమవుతాయో చూపిస్తా" అన్నాను. సరే అంది. సాయంత్రం మొక్కలు చూసుకునే అతను వచ్చి, ఎవరూ చెప్పకుండానే, తన దగ్గర ఉన్నదేదో కొట్టి వెళ్ళాడు. మర్నాడు కుండీ చుట్టూ చచ్చిన చీమలు, మట్టల మీద ముడుచుకుపోయిన పురుగులు. మొవ్వు చుట్టూ ఉన్ని లాంటి నూగు ఉంటుంది కదా, అందులో మాత్రం ఒక ప్యూపా కనిపించింది, వడ్లగింజ కంటే కాస్త లావుగా. దాన్ని మూతకి కన్నాలు పొడిచిన డబ్బాలో పెట్టి తెచ్చుకున్నాను. బతుకుతుందని నమ్మకం లేదు. ఆరో రోజు పొద్దున చూసేసరికి డబ్బా గోడని పట్టుకుని ఒక సీతాకోకచిలుక ఉంది. కిటికీ దగ్గర పెట్టి మూత తీస్తే, ఎండ తగిలిన కాసేపటికి రెక్కలు విప్పింది. మగది. ఊదా కలిసిన నీలం.

ఎగిరిపోకముందే అక్కని పిలిచి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇదా తిన్నది" అంది. తర్వాత ఇంకాసేపు ఆగి, "అయినా నా మట్టలు పోయినట్టే కదా" అంది.

ఆ రెండో మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆవిడ తప్పు మాట్లాడలేదు. నేను కూడా తప్పు అనుకోవడం లేదు. కానీ ఆ మందు కొట్టడం తప్పు అనే నా మనసు చెబుతోంది. ఎందుకు తప్పో నాకు నేను సరిగ్గా చెప్పుకోవాలని చాలా రోజులు కొట్టుకున్నాను, చెప్పుకునే దారిలో నా అభిప్రాయం కూడా కొంచెం మారింది.

పువ్వు కాదు, ఆకు

ఈ సీతాకోకచిలుకని ఇంగ్లీషులో ప్లెయిన్స్ క్యూపిడ్ అంటారు, సైకాడ్ బ్లూ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ల్యూథ్రోడెస్ పాండవ, చాలా పుస్తకాల్లో ఇంకా చిలాడెస్ పాండవ అనే ఉంటుంది. రెక్కలు పూర్తిగా చాపినా ఇంచుమించు మూడు సెంటీమీటర్లు. మూసుకుని కూర్చుంటే బూడిద రంగు మీద చిన్న చిన్న చుక్కలు, వెనక రెక్క చివర నారింజ రంగు అంచుతో ఒక నల్లటి బొట్టు, దాని పక్కన వెంట్రుక లాంటి తోక. కూర్చుని వెనక రెక్కల్ని అటూ ఇటూ రుద్దుతుంటే ఆ తోకలు మీసాల్లా, బొట్టు కన్నులా కనిపిస్తుంది, పక్షి అటువైపు పొడిస్తే తల దక్కుతుంది. ఇదంతా కంటి ముందు జరుగుతున్నా, మోకాళ్ళ ఎత్తులో ఎగిరే ఈ బూడిద చుక్కని మనలో చాలామంది సీతాకోకచిలుకల లెక్కలోనే వేసుకోరు.

పేరులో ప్లెయిన్స్ ఉంది కాబట్టి మైదానాల్లోదే అనుకోవద్దు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా ఉష్ణమండల అడవుల్లో, అడవి సైకస్‌లు పెరిగే కొండవాలుల్లో కూడా ఉంటుంది. తోటలు రాకముందు సైకస్ తినాలంటే అడవే దిక్కు.

దీనికి పాండవ అని పేరు పెట్టింది థామస్ హార్స్‌ఫీల్డ్, 1829లో. అమెరికాలో పుట్టిన వైద్యుడు, జావాలో ఏళ్ళకి ఏళ్ళు గడిపి, తర్వాత లండన్‌లో ఈస్టిండియా కంపెనీ మ్యూజియం చూసుకున్నాడు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం పేరు పెట్టినందుకు కాదు. రెక్కలకి గుండుసూది గుచ్చి అట్టపెట్టెలో పెట్టడమే సీతాకోకల చదువు అనుకునే రోజుల్లో, పురుగు దశనీ ప్యూపానీ కూడా కలిపి చూస్తేనే వీటి వరస తెలుస్తుందని పట్టుబట్టిన తొలితరం వాళ్ళలో ఆయన ఒకడు. ఇన్నేళ్ళు గడిచినా మనం ఆ దగ్గరికి పూర్తిగా రాలేదు. సీతాకోకల తోట వేస్తున్నామంటే ముందు ఏ పువ్వులు పెట్టాలి అనే అడుగుతారు. తేనె ఏ పువ్వులోనైనా దొరుకుతుంది, ఇక్కడ కాకపోతే పక్క పొదలో తాగుతుంది. ఆకు అలా కాదు. గుడ్డు పెట్టాల్సిన ఆకు లేకపోతే ఎన్ని పువ్వులు ఉన్నా అక్కడ ఆ జాతి పుట్టదు.

మిగతా బంధువుల్ని చూస్తే ఈ పాండవ ఎంత వింత దారి పట్టిందో తెలుస్తుంది. దగ్గరి చుట్టం స్మాల్ క్యూపిడ్ తుమ్మ, జమ్మి లాంటి చెట్ల మీద పెరుగుతుంది. ఇంకో చుట్టం లైమ్ బ్లూ నిమ్మజాతి ఆకులు తింటుంది. పాండవ మాత్రం పువ్వే పూయని మొక్కని ఎంచుకుంది. సైకస్ చూడటానికి ఈతచెట్టు చుట్టంలా ఉంటుంది గానీ దానికీ దీనికీ సంబంధమే లేదు. సైకస్ వంశం డైనోసార్ల కంటే పాతది, గింజ కాయలో దాగదు, ఆడమొక్క వేరు మగమొక్క వేరు. సీతాకోకచిలుకలు భూమ్మీదకి వచ్చేనాటికే ఆ వంశం ముసలిదైపోయింది. పైగా విషం. సైకసిన్ అనే పదార్థం కడుపులోకి వెళ్ళి విడిపోతే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఈ మొక్క గింజలు నమిలి పెంపుడు కుక్కలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి, ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. అలాంటి ఆకుని వడ్లగింజంత పురుగు తిని, అరిగించుకుని, నీలి రెక్కలు వేసుకుని ఎగిరిపోతోంది. నేను లెన్స్‌లో చూసినప్పుడల్లా ఆగిపోయేది ఇక్కడే.

చీమల సంగతి కూడా చెప్పాలి. పాండవ పుట్టిన సీతాకోకల కుటుంబంలో చాలా జాతుల పురుగులకి వీపు మీద చివర్లో ఒక చిన్న గ్రంథి ఉంటుంది, చీమలు తడిమితే తీపి చుక్క వదులుతుంది. చీమలు ఆ చుక్క కోసం కాపలా కాస్తాయి, దాంతో పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు దగ్గరికి రావడం కష్టమవుతుంది. అంటే అక్క కుండీలో ఆ రోజు చచ్చినవి పురుగులొక్కటే కాదు, ఒక ఒప్పందం కూడా.

చిగురు లెక్క

ఈ పురుగు ముదురు ఆకు తినలేదు. సైకస్ మట్ట గట్టిపడ్డాక చివర్లు గుచ్చుకుంటాయి, రెమ్మ అట్టలా బిరుసుగా ఉంటుంది, దాన్ని కొరికే శక్తి ఈ చిన్న దవడలకి లేదు. కాబట్టి మొవ్వు కదిలిన తొలిరోజుల్లోనే ఆడది కనిపెట్టి రావాలి, ఒక్కొక్కటిగా గుడ్లు అంటించాలి, పురుగులు ఆకు ముదిరేలోపు తిని ముగించాలి. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం మూడు వారాల్లో అయిపోవడం వెనక ఉన్న తొందర అదే. ఒక్క మొక్క మీద వందల గుడ్లు పడటానికీ కారణం అదే, ఉన్న సమయం అంతే.

అడవిలో ఈ లెక్క రెండు వైపులా సరిపోతుంది. శేషాచలం కొండల్లో సైకస్ బెడ్డోమీ అనే జాతి ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నేను ఒకసారి ఆ కొండల్లో నడిచినప్పుడు చూశాను, గడ్డి కాలిన మచ్చలతో నల్లబడిన పొట్టి బోదెలు, రాళ్ళ మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, చచ్చాయేమో అనుకునేలా. వెంట ఉన్నాయన "చావవు, ఇవన్నీ ఒక్కసారే చిగురేస్తాయి చూడండి" అన్నాడు. ఆ ఒక్కసారే అన్న మాటలో చాలా ఉంది. వాలు మీది మొక్కలన్నీ కలిసి చిగురేస్తే పురుగులు ఎన్ని తిన్నా ఇంకా ఆకు మిగులుతుంది. ఆ తర్వాత నెలల తరబడి లేత ఆకు అనేదే దొరకదు కాబట్టి సీతాకోకల సంఖ్య దానంతటదే పడిపోతుంది. మొక్కకి అదే రక్ష.

కుండీల్లో ఏం జరుగుతుంది? ఒకళ్ళు ఈ నెల నీళ్ళు ఎరువు బాగా పెడతారు, ఇంకొకళ్ళు వచ్చే నెల పాత మట్టలన్నీ నరికేస్తారు, నరికితే కొత్తవి త్వరగా వస్తాయి. ఒక వీధిలో పది సైకస్‌లు ఉంటే ఏడాదిలో ఏ వారం చూసినా ఎక్కడో ఒకచోట మొవ్వు విచ్చుకుంటూ ఉంటుంది. సీతాకోకకి కరువు కాలమే లేకుండా పోయింది. అది మన మీదకి దండెత్తి రాలేదు, దానికి ఏడాది పొడవునా విస్తరి వేసింది మనమే.

ఇంకో సంగతి. మన కుండీల్లో ఉండేది చాలావరకు సైకస్ రివల్యూటా, దక్షిణ జపాన్ మొక్క. అంటే ఆకు అక్కడిది, పురుగు ఇక్కడిది. అక్క "నా మట్టలు" అన్నప్పుడు నా మనసులో మెదిలింది ఇదే గానీ నోటితో అనలేకపోయాను. మొక్క కొన్నది ఆవిడే, నీళ్ళు పోసింది ఆవిడే, కాదనను. కానీ ఆ పురుగు ఈ నేలకి కొత్తగా వచ్చింది కాదు. దూరపు మొక్కని తెచ్చి దాని గుమ్మంలో పెట్టి, తింటే చీడ అంటున్నాం. చీడ అన్న మాట పురుగు జాతికి తగిలించడానికి ముందు ఆకు ఎక్కడిది, పురుగు ఎక్కడిది, ఈ రెంటినీ కలిపింది ఎవరు అని అడగాలి. నా వాదన ఇంతే. పంట మీద పడే పురుగుకి కూడా ఇదే చెబుతావా అని ఒకరు అడిగారు. చెప్పను. అక్కడ ఒక కుటుంబం ఏడాది బతుకు ఉంది. ఇక్కడ ఉన్నది కుండీలో అందం. రెండూ ఒక్కటి కావు.

వాదన తిరగబడిన చోటు

ఇలా చాలా ధీమాగా అనుకుంటున్న రోజుల్లో గువామ్ గురించి చదివాను, నా ధీమా సగం దిగిపోయింది.

గువామ్ పసిఫిక్‌లో చిన్న ద్వీపం. అక్కడ సొంత సైకస్ ఉంది, సైకస్ మైక్రోనీసికా, స్థానిక చమోరో భాషలో ఫదాంగ్. 2002లో అడవిలో చెట్లు లెక్కపెట్టినప్పుడు అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన చెట్టు అదే. 2003లో అలంకరణ సైకస్‌లతో పాటు వచ్చిన ఒక ఆసియా పొలుసు పురుగు అక్కడ కనిపించింది, మట్టల మీద సున్నం చల్లినట్టు తెల్లగా పట్టేసి రసం పీల్చేస్తుంది. 2005లో మన పాండవ కూడా చేరింది. పాత మట్టల్ని పొలుసు పురుగు పీలుస్తుంటే, ఆ దెబ్బకి తట్టుకుని వేసిన కొత్త చిగురుని పాండవ పురుగులు తినేశాయి. 2006కల్లా ఆ చెట్టు అంతరించే ప్రమాదం ఉన్న జాబితాకి ఎక్కింది. నాలుగేళ్ళు. అడవిలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న చెట్టుకి నాలుగేళ్ళలో ఆ గతి పట్టింది.

అసలు నేరం పొలుసు పురుగుదే, పాండవ ఒక్కటే అయితే అంత జరిగేది కాదు, అది నిజం. కానీ నేను డబ్బాలో పెట్టి కాపాడి, కిటికీ తీసి వదిలి, మురిసిపోయిన అదే నీలి రెక్క అక్కడ ఒక అడవి చావులో చెయ్యి కలిపింది. గువామ్‌లో ఎవరైనా చిగురు మీద ఆ పురుగుల్ని ఏరి చంపుతుంటే నేను అడ్డు చెప్పను, పక్కన కూర్చుని నేను కూడా ఏరతాను.

తైవాన్ కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. అక్కడ పాండవకి సొంత ఉపజాతి ఉంది, తూర్పు వైపు తైతుంగ్ ప్రాంతంలో మాత్రమే పెరిగే సైకస్ తైతుంగెన్సిస్‌తో ముడిపడి, ఒక మూల ఉండేది. ద్వీపమంతా రోడ్ల పక్కన, తోటల్లో సైకస్ రివల్యూటా నాటాక అది నలుమూలలకీ పాకింది, బయటి నుంచి వచ్చిన వంశాలు కూడా దానిలో కలిశాయని జన్యు పరీక్షల్లో తేలింది. మూల అడవిలో అరుదైన చెట్టూ అరుదైన సీతాకోకా సర్దుకుని బతికేవి. ఇప్పుడు ఆ చెట్టుకి బయటి నుంచి గుంపులు వచ్చి పడుతున్నాయి. ఇక్కడ ఎవరిది ఏ నేల అని నా ప్రశ్న వేస్తే సూటిగా జవాబు రాదు. ఆకూ అక్కడిదే, పురుగూ అక్కడిదే, అయినా ప్రమాదమే, ఎందుకంటే మధ్యలో మనం నాటిన వేల కుండీలు ఉన్నాయి.

మారిషస్, మడగాస్కర్, ఈజిప్ట్, అరబ్ ఎమిరేట్స్, ఇలా పాండవ చేరిన చోట్ల పట్టీ పెరుగుతూనే ఉంది. చివరికి జపాన్‌కి కూడా చేరింది. జపాన్ మొక్కని ప్రపంచమంతా తీసుకుపోయాం, ఆ మొక్కే మెట్లు వేసి ఇక్కడి పురుగుని జపాన్ దాకా నడిపించింది. మూడు సెంటీమీటర్ల రెక్కలతో ఎవరూ సముద్రాలు దాటరు. లేత చిగురులో గుడ్డుగానో, నూగులో ప్యూపాగానో, ఓడలో, లారీలో కూర్చుని వెళ్ళారు.

నేను ఇచ్చిన పిలక

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే పైన చెప్పినదంతా ఊరి వాళ్ళకి చెప్పే నీతి అవుతుంది.

కొన్నేళ్ళ కిందట మా సైకస్ బోదె పక్కన రెండు పిలకలు వచ్చాయి. ఒకటి వేరు చేసి, కుండీలో నాటి, వేళ్ళు పట్టాక ఒక స్నేహితురాలికి ఇచ్చాను. అప్పుడే దానికి మొవ్వు కదిలింది, బుల్లి మట్టలు నాలుగు పైకొచ్చాయి, ఆ అందం చూసే ఇప్పుడే ఇద్దాం అనుకున్నాను. ఆవిడ కారు వెనక సీట్లో పెట్టుకుని చాలా దూరం తీసుకెళ్ళింది. రెండు వారాల తర్వాత ఫోటో పంపింది, మట్టలు నాలుగూ గోధుమ రంగులో ఉన్నాయి. "నీళ్ళు ఎక్కువయ్యాయేమో" అని చెప్పాను. ఇప్పుడు ఆ ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే రెమ్మ మీద గీకిన చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

అది మన దేశంలోనే, పాండవ ముందే ఉన్న చోటే, దాని వల్ల ఏ అడవికీ నష్టం జరగలేదు. అయినా గువామ్‌కి వెళ్ళిన మొక్క కూడా ఇలాగే వెళ్ళి ఉంటుంది. పంపినవాళ్ళకి చెడు ఉద్దేశం ఉండదు. చిగురు బావుందని చిగురుతోనే పంపుతారు. మొక్క ఇవ్వాలంటే మట్టలన్నీ ముదిరాక, మొవ్వులో నూగు దాకా వేళ్ళు పెట్టి వెతికి, శుభ్రం చేసి ఇవ్వాలి. అమ్మేవాళ్ళు కూడా అలాగే అమ్మాలి. నా కోపం పురుగు మీద నుంచి ఇటు మళ్ళింది.

మొక్క లేక పోయినది

ఫ్లోరిడాలో ఇంకో చిన్న సీతాకోక ఉంది, అటాలా. నల్లటి రెక్కల మీద మెరిసే నీలి చుక్కలు, ఎర్రటి పొట్ట. అది కూడా సైకాడ్‌ల మీదే, అంటే సైకస్ చుట్టాల్లో ఒకదాని మీదే బతుకుతుంది, కూంటీ అనే పొట్టి మొక్క. పాండవలా దాక్కోదు, దాని పురుగు ఎర్రగా పసుపు చుక్కలతో ఉంటుంది, తిన్న విషాన్ని ఒంట్లో దాచుకుని నన్ను తింటే చస్తావని పక్షులకి రంగుతోనే చెబుతుంది. కూంటీ దుంపలో పిండి ఉంటుంది. విషం కడిగి తీయడం అక్కడి ఆదివాసులకి తెలుసు, తర్వాత వలస వచ్చినవాళ్ళు దాన్ని పిండి మిల్లుల వ్యాపారం చేసి అడవుల్లో మొక్కల్ని పెకలించేశారు. మొక్కతో పాటు అటాలా పోయింది. 1937 తర్వాత ఫ్లోరిడాలో కనిపించలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1959లో ఒక చిన్న గుంపు మళ్ళీ కనిపించింది. తర్వాత జనం ఇళ్ళ ముందు అందం కోసం కూంటీ నాటడం మొదలుపెట్టారు, ఎవరూ దాని కోసం నాటకపోయినా అటాలా ఆ ఇళ్ళ ముందుకే వచ్చి నిలబడింది. ఇప్పుడు అక్కడ కొంతమంది కూంటీ ఆకులు తినేస్తోందని ఫిర్యాదు చేస్తుంటారు.

నాకు ఈ కథ మీద ప్రేమ ఎక్కువ. అక్కడ ఆకూ, పురుగూ రెండూ ఆ నేలవే, కుండీలే దాన్ని బతికించాయి. తోటల్లో సైకాడ్‌లు నాటడం ఒకచోట అడవిని చంపడంలో భాగమైంది, ఇంకోచోట అడవిలో పోయినదాన్ని వెనక్కి తెచ్చింది. పనిలో తేడా లేదు. ఏ మొక్క, ఏ నేల, అన్నదే తేడా.

కొండ కింద కుండీలు

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే సందేహం శేషాచలం గురించే. అక్క కుండీలో పురుగుల్ని వదిలేయమంటున్నాను. ఆ పురుగులు ఎగిరి ఎక్కడికి వెళ్తాయి? ఆ కొండల్లోని సైకస్ బెడ్డోమీ చిగుళ్ళ మీద కూడా ఈ పాండవే గుడ్లు పెడుతుంది. కొండ కింద ఏడాది పొడవునా కుండీల్లో పెరిగిన గుంపు, కొండ మీద ఏటికోసారి వచ్చే చిగురు మీద పడితే? తైవాన్‌లో జరిగింది అదే కదా. మన పురుగు కాబట్టి వదిలేయాలి అన్న నా మాట, మన చెట్టుకే ఎదురు తిరిగితే?

బెడ్డోమీకి అసలు ముప్పు సీతాకోక కాదని నాకు తెలుసు. మగమొక్కల శంకువుల్ని మందు కోసం కోసుకుపోవడం, వేసవి మంటలు, ఇవి పెద్దవి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో సైకస్ జాతులన్నీ రెండో అనుబంధంలో ఉంటే, దీన్ని ఒక్కదాన్ని అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో పెట్టారు. అంత అపురూపమైనదాని దగ్గర చిన్న ముప్పు కూడా చిన్నది కాదు. లేత మొలకలకి మరీను. ముసలి బోదెలో పిండి నిల్వ ఉంటుంది, ఒక చిగురు పోతే ఇంకోటి వేస్తుంది. రెండాకుల మొలకకి ఆ ఒక్క చిగురే ఆస్తి.

కాబట్టి మాట మార్చుకున్నాను. అడవి సైకస్‌లు ఉన్న కొండల చుట్టుపక్కల, అంటే శేషాచలం కిందైనా, సైకస్ స్ఫెరికా పెరిగే ఉత్తరాంధ్ర, ఒడిశా కొండల దగ్గరైనా, అలంకరణ సైకస్ అసలు నాటకూడదు. పురుగుని చంపాలా వదలాలా అన్న ప్రశ్న అక్కడ రానే కూడదు. మిగతా చోట్ల ఉన్నవాటికి మందు కొట్టకూడదు. ఊరూరా కుండీలతో ముందే మెట్లు కట్టాం కదా, కొండకి ఎంత దూరమైతే చాలు అని అడిగితే నేను గీత గీసి చూపలేను. ఆ మేరకు నా వాదనలో కన్నం ఉంది, ఉందనే చెబుతున్నాను.

మరి అక్క మట్టల సంగతి? దానికి జవాబు చాలా మామూలుది, అంత ఆలోచించాల్సిన పనే లేదు. మొవ్వు కదిలిన రోజే పల్చటి దోమతెర గుడ్డ వదులుగా కప్పి, కుండీ అంచుకి కట్టేసి, మట్టలు బిరుసెక్కేదాకా మూడు వారాలు ఉంచితే చాలు. గుడ్డు పడదు, పురుగు పుట్టదు, చంపాల్సిన అవసరం రాదు. ఆ తర్వాత తెర తీసేస్తే సీతాకోక వచ్చినా ముదురు ఆకుని ఏమీ చేయలేదు. మొక్కలు చూసుకునే అతనికి కూడా ఇదే చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇంతకాలం అది ఆకు మాడే జబ్బు అనుకుని మందు కొట్టేవాడట, పురుగుని ఎప్పుడూ చూడలేదట.

అక్క దగ్గర రెండు సైకస్ కుండీలు ఉన్నాయి. పోయిన నెల రెండింటికీ ఒక్క వారంలోనే మొవ్వు కదిలింది. ఇద్దరం కలిసి పెద్దదానికి తెర కట్టాం. రెండోదానికి గుడ్డ సరిపోలేదు, రేపు తెచ్చి కడదాం అనుకుని దాన్ని లోపలి మూలకి జరిపాం. మర్నాడు పొద్దున మళ్ళీ ఫోన్.

"వచ్చింది. తెర మీద వాలుతోంది, లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. లోపలికి దారి వెతుక్కుంటున్నట్టుంది. పావుగంట నుంచి ఇదే పని."

నేను ఏమీ అనలేదు. ఏమన్నా నా మాట కోసం చేసినట్టు అవుతుంది. ఫోన్ పెట్టేయకుండానే ఆవిడ నడిచిన చప్పుడు, కుండీ నేల మీద గీసుకుంటూ జరిగిన చప్పుడు వినిపించాయి. రెండోదాన్ని మూల నుంచి లాక్కొచ్చి తెర పక్కన పెట్టింది.